తాళం పాటించకండి అని రాసిన స్వరకర్త: యోహాన్ యాకోబ్ ఫ్రోబెర్గర్ (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఇందాక బయట టీ తాగుతుంటే ఇద్దరు ముగ్గురు నాతో అన్నారు, "మాకు కర్ణాటక సంగీతం తప్ప ఇంకేదీ తెలియదండీ, కూర్చోవచ్చా?" అని. కూర్చోండి. నిజానికి ఈ మనిషి సంగతి మీకే తొందరగా అర్థమవుతుంది. ఎందుకో పోనుపోనూ మీకే తెలుస్తుంది.

1652 నవంబరులో పారిస్‌లో లూట్ అనే, తీగలు మీటే వాద్యం వాయించే ఒక కళాకారుడు చనిపోయాడు. ఆయన్ని బ్లాంక్రోషే అనేవారు. ఆయన కోసం ఒక స్నేహితుడు హార్ప్సికార్డ్ అనే కీబోర్డు వాద్యం మీద వాయించే రచన ఒకటి చేశాడు. దాని తలమీద ఫ్రెంచిలో ఒక సూచన ఉంది. చాలా నెమ్మదిగా, వాయించేవాళ్ల విచక్షణకు వదిలేసి, ఏ తాళమూ పాటించకుండా వాయించాలి అని. ఏ తాళమూ పాటించకుండా! సరే, కిందికి చూద్దాం. అక్కడ ఏముంది? నిలువు గీతలు గీసి, ప్రతి స్వరానికీ ఇంత నిడివి అని లెక్క కట్టి, పదహారో వంతు, ముప్పై రెండో వంతు దాకా కొలిచి రాసిన స్వరాలున్నాయి. పాటించొద్దన్న తర్వాత అంత కొలిచి రాయడమెందుకు? అంత కొలిచి రాశాక పాటించొద్దనడమెందుకు?

ఈ సాయంత్రమంతా నేను ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతాను. ఆ స్నేహితుడి పేరు యోహాన్ యాకోబ్ ఫ్రోబెర్గర్.

పుట్టింది జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో. 1616 మే 19న చర్చిలో బాప్తిస్మం ఇచ్చినట్టు రికార్డు. తండ్రి బాసిలియుస్ ఆ ఊరి డ్యూక్ ఆస్థానంలో సంగీతకారుడు, తర్వాత ఆ సంగీత బృందానికి పెద్ద అయ్యాడు. అన్నదమ్ములు కూడా అక్కడే కొలువు చేశారు. అంటే ఇల్లంతా సంగీతమే. కానీ కాలం చూడండి. పిల్లవాడికి రెండేళ్లప్పుడు, 1618లో, కాథలిక్ పక్షానికీ ప్రొటెస్టెంట్ పక్షానికీ మధ్య ముప్పై ఏళ్ల యుద్ధం మొదలైంది. 1634లో నోర్డ్‌లింగెన్ యుద్ధంలో ప్రొటెస్టెంట్ పక్షం ఓడిపోయాక స్టుట్‌గార్ట్ ఆస్థానమే చెదిరిపోయింది. 1637లో ప్లేగు వచ్చి తల్లినీ తండ్రినీ తీసుకుపోయింది. ఇరవై ఒక్క ఏళ్లకు ఇతనికి వెనక్కి వెళ్లడానికి ఇల్లంటూ లేదు. తర్వాత జీవితమంతా ఇతను తిరుగుతూనే ఉండటం, పోయినవాళ్ల కోసం రాస్తూనే ఉండటం చూసినప్పుడల్లా నాకు ఈ సంవత్సరమే గుర్తొస్తుంది.

అదే 1637లో వియన్నాలో చక్రవర్తి ఫెర్డినాండ్ 3 ఆస్థానంలో ఆర్గన్, అంటే తిత్తుల గాలితో గొట్టాలు పలికే పెద్ద కీబోర్డు వాద్యం, వాయించే ఉద్యోగం వచ్చింది. ఈ చక్రవర్తి గురించి ఒక మాట చెప్పాలి. సంగీతాన్ని పోషించడమే కాదు, తనే సంగీతం రాసేవాడు. ఈ కుర్రాడిలో ఏం చూశాడో కానీ, చేరిన కొన్ని నెలలకే 200 ఫ్లోరిన్లు ఇచ్చి రోమ్ పంపాడు, వెళ్లి ఫ్రెస్కోబాల్డి దగ్గర నేర్చుకుని రమ్మని. లూథరన్, అంటే ప్రొటెస్టెంట్, ఇంట్లో పుట్టిన ఫ్రోబెర్గర్ ఆ రోజుల్లోనే కాథలిక్ మతంలోకి మారాడు.

ఫ్రెస్కోబాల్డి ఎవరు? సెయింట్ పీటర్స్ చర్చిలో ఆర్గనిస్టు. ఆ కాలంలో కీబోర్డు వాద్యాలకు ఆయన్ని మించినవాడు లేడు. తొక్కాటా అనే, స్వేచ్ఛగా సాగే కీబోర్డు రచనా ప్రక్రియను ఒక ఎత్తుకు తీసుకెళ్లాడు. 1615లో అచ్చయిన తన తొక్కాటాల పుస్తకానికి ముందుమాట రాస్తూ, వీటిని ఒకే కాలప్రమాణానికి కట్టేసి వాయించకండి, ఇప్పటి మాడ్రిగల్ పాటల్లో పాడేవాళ్లు మాటల్లోని భావాన్ని బట్టి ఒకసారి నెమ్మదిగా, ఒకసారి వేగంగా, ఒకసారి గాలిలో ఆగినట్టు ఎలా పాడతారో అలా వాయించండి అని చెప్పాడు. గమనించారా? పాటలో మాట ఉంది. కీబోర్డులో మాట లేదు. మాట లేని చోట మాట ఉన్నట్టు వాయించమంటున్నాడు గురువు. శిష్యుడు ఆ సంగతి పట్టుకున్నాడు. 1641 దాకా అక్కడే ఉండి, వియన్నా తిరిగొచ్చాడు.

ఇక్కడ వాద్యం గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే మిగతాది గాల్లో మాటలవుతుంది. హార్ప్సికార్డ్ చూడటానికి పియానోలాగే ఉంటుంది. కానీ లోపల సుత్తి కొట్టదు. మెట్టు నొక్కితే ఒక చిన్న చెక్క ముక్క పైకి లేస్తుంది, దానికి గుచ్చిన పక్షి ఈక మొన తీగను మీటుతుంది. అంతే. మీరు గట్టిగా నొక్కినా, మెల్లగా నొక్కినా వచ్చే ధ్వని దాదాపు ఒక్కటే. నొక్కిన క్షణం నుంచే ధ్వని తగ్గిపోతూ ఉంటుంది. పెంచలేరు, ఊపలేరు, సాగదీయలేరు. మరి దుఃఖం ఎలా చెప్పాలి? మీ చేతిలో మిగిలిన సాధనం ఏమిటి?

సమయం. ఏ స్వరాన్ని ఎప్పుడు పలికిస్తారు, ఎంతసేపు నొక్కి ఉంచుతారు, తర్వాతి స్వరాన్ని ఎంత ఆలస్యం చేస్తారు. అదొక్కటే ఉంది. పారిస్‌లో లూట్ వాయించేవాళ్లు అప్పటికే ఈ విద్యలో ఆరితేరారు. నాలుగు స్వరాల కలయికను ఒకేసారి మీటకుండా విడగొట్టి, ఒకటి తర్వాత ఒకటి జార్చి, ఏది శ్రుతి, ఏది రాగం తెలియనంతగా అల్లేవారు. ఫ్రోబెర్గర్ రోమ్‌లో నేర్చిన స్వేచ్ఛనూ, పారిస్ లూట్ అల్లికనూ ఒకచోట కలిపాడు. ఆయన చేసిన గొప్ప పని ఏమిటంటే నేను ఇదే అంటాను. అలమాండ్, కురాంట్, సరబాండ్, జిగ్ అనే నాట్యాలను వరుసగా చేర్చి సూట్ అనే రూపానికి ఒక రూపురేఖ ఇచ్చాడని పాఠ్యపుస్తకాలు మొదట చెబుతాయి. అదీ నిజమే. కానీ ఆ అలమాండ్‌ని నాట్యం నుంచి తప్పించి, కూర్చుని ఆలోచించే సంగీతంగా మార్చడం ఇంకా పెద్ద విషయం.

1649లో ఒక చేతిరాత సంపుటి చక్రవర్తికి సమర్పించాడు. ఆరు తొక్కాటాలు, ఆరు ఫాంటాసియాలు, ఆరు కాంజోనాలు, ఆరు పార్టీటాలు. ఫాంటాసియాలు, కాంజోనాలు కూడా కీబోర్డు రచనల్లో రకాలే, పార్టీటాలంటే ఇక్కడ సూట్‌లే. 1656లో ఇంకోటి. ఈ పుస్తకాలు ఇప్పటికీ వియన్నాలో ఉన్నాయి. శీర్షికల అక్షరాలను, బొమ్మలను స్టుట్‌గార్ట్ నాటి స్నేహితుడు సౌటర్ తీర్చిదిద్దాడు. 1656 పుస్తకంలో ఒక పేజీ ఉంది, దాని గురించి మళ్లీ చెబుతాను.

1649లోనే మహారాణి మరణించింది, ఆస్థానంలో సంగీతం ఆగింది, ఫ్రోబెర్గర్ ప్రయాణం కట్టాడు. డ్రెస్డెన్, అక్కడి నుంచి ఇప్పటి బెల్జియం ప్రాంతాలు, లండన్, పారిస్. 1653లో వియన్నా చేరేదాకా తిరుగుడే. డ్రెస్డెన్‌లో ఒక మంచి సంగతి జరిగింది. అక్కడి పాలకుడి ముందు ఇతనికీ, మథియాస్ వెక్‌మన్ అనే స్థానిక ఆర్గనిస్టుకీ పోటీ పెట్టారు. పోటీ అయ్యాక ఇద్దరూ జీవితాంతం స్నేహితులయ్యారు. తర్వాత ఫ్రోబెర్గర్ తన సూట్ ఒకటి సొంత చేత్తో రాసి వెక్‌మన్‌కు పంపాడని, అందులో గమకాలన్నీ, అంటే వాళ్ల అలంకారాలన్నీ, వివరంగా గుర్తులు పెట్టాడని, దాన్ని చూసి వెక్‌మన్ ఆయన శైలి పట్టుకున్నాడని మాథెసన్ అనే రచయిత 1740లో రాశాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. స్నేహితుడికైతే అన్నీ రాసి పంపాడు.

ఇప్పుడు ఆ ప్రయాణాల్లో పుట్టిన రచనలు. ఫ్రోబెర్గర్‌లో మనుషులు మొదట ప్రేమలో పడేది వీటితోనే, నేనూ అంతే. ఎందుకంటే ఇతను తన రచనల మీద శీర్షికలు రాశాడు. ఎక్కడ రాశాను, ఏం జరిగితే రాశాను. మూడున్నర శతాబ్దాల కిందట ఒక మనిషి మాటల్లేని సంగీతం మీద తన జీవితంలో ఫలానా రోజు అని రాయడం, అదీ ఇన్నిసార్లు, ఎక్కడ చూస్తాం?

ఒకటి, లండన్‌లో విచారం పోగొట్టుకోవడానికి చేసిన విలాపం. ఒక రాతప్రతిలో దాని కథ ఉంది. పారిస్ నుంచి కాలే రేవుకు వెళ్లేదారిలో దొంగలు దోచారు. అక్కణ్నుంచి ఓడెక్కితే సముద్రంలో సముద్రపు దొంగలు మిగిలింది కూడా దోచారు. నావికుడి బట్టల్లో లండన్ చేరాడు. సంగీతం జరుగుతున్న చోటికి వినడానికి వెళ్తే, ఆర్గన్‌కి గాలి తిత్తులు తొక్కే పని అప్పజెప్పారు. చక్రవర్తి ఆస్థాన ఆర్గనిస్టు! విచారంలో మునిగిపోయి ఒకసారి తిత్తి తొక్కడం మర్చిపోయాడు, గాలి ఆగింది, ధ్వని ఆగింది, వాయిస్తున్నవాడు కోపంతో తన్ని తలుపు బయటికి గెంటాడు. ఆ తర్వాత కూర్చుని ఇది రాశాడు. వినండి. నేను మొదటి భాగం మాత్రమే వాయిస్తాను.

(ఇక్కడ కీబోర్డు మీద కొద్దిసేపు వాయించారు.)

విన్నారు కదా. ఇందులో కోపం ఉందా? నాకైతే ఎక్కడా వినపడదు. దెబ్బ తిన్నవాడి ఫిర్యాదులా లేదు. చాలా అలసిపోయిన మనిషి తనతో తను మాట్లాడుకుంటున్నట్టుంది.

రెండోది రైన్ నది మీద. పడవలో పెద్ద ప్రమాదంలో నది దాటుతూ చేసిన అలమాండ్. దీని ఒక ప్రతిలో స్వరాల మీద 1 నుంచి 26 దాకా అంకెలు వేసి, ఒక్కో అంకెకూ అక్కడ ఏం జరిగిందో వివరణ ఇచ్చారు. ఫలానా స్వరం దగ్గర ఒకాయన నీళ్లలో పడ్డాడు, ఫలానా చోట అందరూ లేచి కేకలు వేశారు, అలా. ఇరవై ఆరు ఘట్టాలు, ఒక చిన్న అలమాండ్‌లో! మామూలుగా వింటే ఎవరికీ పడవ కనిపించదు. ఆ వివరణ చదివి వింటే కనిపించకుండా ఉండదు. ఇక్కడ నా ప్రశ్న మళ్లీ వస్తోంది చూశారా? కాగితం మీద ఉన్న స్వరాలు సరిపోలేదు. వాటి పక్కన ఇంకేదో కావలసి వచ్చింది.

మూడోది, మొదట్లో చెప్పిన బ్లాంక్రోషే స్మృతిగీతం. ఆయన మెట్ల మీద నుంచి పడి చనిపోయాడు, ఆ సమయంలో ఫ్రోబెర్గర్ అక్కడే ఉన్నాడు. కళ్లముందు జరిగింది. రచన చివర్లో ఒక స్వరపంక్తి పైనుంచి మొదలై దిగుతూ దిగుతూ కీబోర్డు అడుగున ఉన్న స్వరం దాకా పోతుంది. అది మెట్లా, సమాధా? విన్నవాళ్లు తలో మాటా అంటారు. నేను ఒక్కటే చెబుతాను, దాన్ని తాళానికి వాయిస్తే వట్టి స్కేలు. అవరోహణ, ఇంకేం లేదు. ఒక్కో స్వరం దగ్గర ఎంత ఆగాలో వాయించేవాడి మనసుకు తెలిస్తేనే అది మరణం అవుతుంది. అదే బ్లాంక్రోషే కోసం లూయీ కూపరాఁ కూడా స్మృతిగీతం రాశాడు. ఆ కూపరాఁయే 'ఫ్రోబెర్గర్‌ను అనుకరిస్తూ' అని ఒక ప్రెల్యూడ్, అంటే ఆరంభ రచన, రాశాడు. దాన్ని ఎలా రాశాడో తెలుసా? తాళపు గీతలే లేకుండా. స్వరాలకు నిడివే లేకుండా. వట్టి గుండ్రటి గుర్తులు, వాటిని కలుపుతూ పొడుగాటి వంపు గీతలు. ఫ్రోబెర్గర్ వాయిస్తుంటే విన్న ఒక ఫ్రెంచివాడు ఆ విన్నదాన్ని కాగితం మీద పెట్టాలనుకుంటే కొలతలన్నీ తీసేయాల్సి వచ్చింది. ఇంతకన్నా మంచి సాక్ష్యం మనకు ఎక్కడ దొరుకుతుంది?

ఇక ఆ 1656 పుస్తకంలోని పేజీ. చక్రవర్తి కొడుకు ఫెర్డినాండ్ 4 మశూచితో 1654 జూలై 9న చనిపోయాడు. ఇరవై ఏళ్ల కుర్రాడు, అప్పటికే పట్టాభిషేకం జరిగిన యువరాజు. ఆయన కోసం రాసిన విలాపం సీ మేజర్‌లో ఉంటుంది. అంటే చీకటి శ్రుతి కాదు, వెలుగున్న శ్రుతి. చివరికొచ్చేసరికి స్కేలు పైకి ఎక్కుతుంది, ఎక్కుతూనే పోతుంది, వాద్యం పై అంచు దాకా. ఆ స్వరాలు ఆగిన చోట పేజీ మీద మేఘాలు గీశారు, మేఘాల్లో దేవదూతలు. బ్లాంక్రోషే కిందికి, యువరాజు పైకి. మూడేళ్ల తర్వాత, 1657 ఏప్రిల్ 2న, చక్రవర్తే పోయాడు. ఆ విలాపం ఎఫ్ మైనర్‌లో. ఆ రోజుల్లో కీబోర్డుకు శ్రుతి చేసే పద్ధతిలో ఎఫ్ మైనర్ కొంచెం చేదుగా, గరుకుగా పలికేది, కాబట్టి సామాన్యంగా ఎవరూ అటు వెళ్లరు. ఆయన కావాలనే వెళ్లాడు. చివర్లో ఎఫ్ స్వరం ఒంటరిగా మూడుసార్లు. ఎఫ్, ఫెర్డినాండ్, మూడు. తనను రోమ్ పంపి చదివించిన మనిషికి ఇచ్చిన వీడ్కోలు.

కొత్త చక్రవర్తి లియొపోల్డ్ కాలంలో ఫ్రోబెర్గర్ ఉద్యోగం పోయింది. దానివల్ల ఎంత బాధపడ్డాడో నేను ఊహించి చెప్పను. ఆ తర్వాత 1660 మే 1 తేదీ వేసి పారిస్‌లో ఒక రచన కనిపిస్తుంది. 'నా రాబోయే మరణం మీద చేసిన ధ్యానం'. నెమ్మదిగా, విచక్షణతో వాయించాలి అని మళ్లీ అదే మాట. అందరి కోసం రాసినవాడు చివరికి తన కోసం తనే రాసుకున్నాడు.

ఆఖరి రోజులు ఎరికూర్‌లో, ఇప్పటి ఫ్రాన్స్‌లోని ఊరు. మోంబెలియార్ డచెస్ సిబిల్లా అక్కడ ఉండేది. ఎవరీమె? స్టుట్‌గార్ట్ డ్యూక్ కూతురు. ఫ్రోబెర్గర్ తండ్రి ఎవరి కొలువులో సంగీతం చేశాడో ఆయన కూతురు. 1662లో భర్త పోయాడు. ఆమె ఇతని దగ్గర కీబోర్డు నేర్చుకుంది, ఏదో కాలక్షేపానికి కాదు, గట్టిగా నేర్చుకుంది. 1667 మే మొదటివారంలో సాయంత్రం ప్రార్థనవేళ ఫ్రోబెర్గర్ కుప్పకూలి, అక్కడికక్కడే కన్నుమూశాడు. యాభై ఏళ్లు. దగ్గర్లోని బావిలియే ఊరి చర్చిలో పాతిపెట్టారు.

తర్వాత సిబిల్లా హాలెండ్‌లో ఉన్న కాన్‌స్టాంటైన్ హోయిగెన్స్‌కు ఉత్తరాలు రాసింది. ఆయన కవి, దౌత్యవేత్త, సంగీత ప్రియుడు. ఆ ఉత్తరాలు మిగిలాయి, అది మన అదృష్టం. ఆమె చెప్పిన సారాంశం నా మాటల్లో చెబుతాను. గురువుగారి రచనలు నా దగ్గర ఉన్నాయి, కానీ ఎవరికీ ఇవ్వలేను. ఆయన దగ్గర నేర్చుకోనివాళ్లు వీటిని సరైన విచక్షణతో వాయించలేరు, పాడుచేస్తారు, అని ఆయనే నాతో చాలాసార్లు అన్నారు. కొలోన్ నగరంలో ఒక ఆర్గనిస్టు ఉన్నాడు, ఆ మరణ ధ్యానాన్ని ఆయన దగ్గరే పట్టు పట్టుగా, చెయ్యి పెట్టి నేర్చుకున్నాడు, అతను బాగా వాయిస్తాడు. వట్టి స్వరాలు చూసి దాన్ని కనుక్కోవడం కష్టం.

ఇప్పుడు మీకర్థమైంది కదా, మొదట్లో మీకే తొందరగా తెలుస్తుందని ఎందుకన్నానో. మీలో ఎవరైనా నొటేషన్ పుస్తకం చూసి తోడి రాగం కృతి నేర్చుకోగలరా? పుస్తకంలో గాంధారం అని ఒక్క అక్షరం ఉంటుంది. ఆ గాంధారం ఎక్కడ ఊగుతుందో, ఎంత కిందినుంచి వస్తుందో గురువు ఎదురుగా కూర్చుంటేనే వస్తుంది. అలాగని పుస్తకం వద్దంటామా? పుస్తకం లేకపోతే సాహిత్యం మర్చిపోతాం, సంగతుల వరస తప్పుతాం. ఫ్రోబెర్గర్ సంగతి సరిగ్గా ఇదే. అంత కొలిచి రాసింది మర్చిపోకుండా ఉండటానికి, ఆ చెయ్యి ఎటు వంగిందో ఆనవాలు ఉండటానికి. కొలతను పాటించొద్దన్నది, ఆ ఆనవాలునే సంగీతం అనుకోకుండా ఉండటానికి. యూరప్ సంగీతమంతా కాగితంలోనే ఉంటుందని మనలో చాలామందికి ఒక అభిప్రాయం. ఉండదు. కనీసం ఈ మనిషి దగ్గర లేదు.

మరి గురుముఖం తెగిపోయాక ఏమైంది? తెలుసుకోవాల్సిన సంగతి. బతికుండగా ఆయన రచనలు అచ్చయింది బహు స్వల్పం. 1650లో కిర్కర్ అనే జెసూట్ పండితుడు తన పుస్తకంలో ఒక ఫాంటాసియా వేశాడు, ఆ కోవలో ఒకటీ అరా. ఆయన పోయిన పాతిక ముప్పై ఏళ్లకు, 1690ల్లో, మైన్జ్‌లో, ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చువేశారు. ఆమ్‌స్టర్‌డామ్ ప్రచురణకర్త అట్ట మీదే రాశాడు, మెరుగైన వరసలో పెట్టామని. ఏమిటా మెరుగు? ఫ్రోబెర్గర్ 1656 పుస్తకంలో జిగ్‌ని అలమాండ్ తర్వాత రెండోదిగా పెట్టి, నెమ్మదైన సరబాండ్‌తో ముగించాడు. వీళ్లు జిగ్‌ని తీసి చివర పెట్టారు, ఉత్సాహంగా ముగియాలని. ఆయన కావాలని నెమ్మదిగా ముగించినదాన్ని! సిబిల్లా భయపడింది ఇందుకేనేమో అనిపిస్తుంది నాకు. అయినా ఆమె పక్షం మొత్తంగా తీసుకోలేను. ఆమె మాట ప్రకారమే అందరూ నడిచి ఉంటే ఈరోజు మన చేతిలో ఏముండేది? ఎవరెవరో నకళ్లు రాసుకోబట్టే ఇవి బతికాయి. జర్మన్ స్వరకర్త బాఖ్ చిన్నప్పుడు తన అన్నగారి బీరువాలోంచి రహస్యంగా తీసి, వెన్నెల్లో నకలు రాసుకున్న పుస్తకం కథ చాలామంది వినే ఉంటారు. బాఖ్ చనిపోయాక 1754లో అచ్చయిన జీవిత సంగ్రహంలో ఆ కథ ఉంది. ఆ పుస్తకంలో ఎవరి రచనలున్నాయి? ఫ్రోబెర్గర్, కెర్ల్, పాకెల్‌బెల్.

నకళ్ల కథ ఇంకా అయిపోలేదు. బెర్లిన్ జింగ్-అకడమీ అనే సంస్థ భాండాగారం రెండో ప్రపంచయుద్ధంలో కనిపించకుండా పోయింది. 1999లో కీవ్‌లో బయటపడింది, 2001లో బెర్లిన్ చేరింది. అందులో ఫ్రోబెర్గర్ రచనల ప్రతి ఒకటి ఉంది, శీర్షికలతో, వివరణలతో. ఇందాకటి లండన్ కథ అంత వివరంగా మనకు తెలిసింది దానివల్లే. 2006లో ఇంకో పెద్ద వార్త. ఆయన సొంత చేతిరాత పుస్తకం ఒకటి లండన్‌లో వేలానికి వచ్చింది. అందులో అప్పటిదాకా ఎవరూ చూడని రచనలున్నాయి. ఎవరో కొనుక్కున్నారు, ప్రైవేటు చేతుల్లోకి వెళ్లింది. దాన్ని తెరిచి వాయించేవాళ్లకు అందించాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. తప్పుగా వాయిస్తాం, నిజమే. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లెవరూ లేరు ఇప్పుడు. కానీ ఆయన వెక్‌మన్‌కు గుర్తులు పెట్టి పంపాడు కదా, కొలతలు రాసి, పక్కన శీర్షికలు రాసి, విచక్షణ అని మళ్లీ మళ్లీ హెచ్చరించి వదిలిపెట్టాడు కదా. అవన్నీ పట్టుకుని ప్రయత్నించాలి.

ఇంట్లో వినాలనుకునేవాళ్లు యువరాజు విలాపంతో మొదలుపెట్టండి, తర్వాత బ్లాంక్రోషే. తొక్కాటాలు తర్వాత. ఒకే రచనను ముగ్గురు నలుగురు వాయించింది పక్కపక్కనే వినండి, ఒక్కొక్కరి నిడివి ఎంత తేడాగా ఉందో చూడండి.

నా సమయం అయిపోవచ్చింది. మరణ ధ్యానం మొదటి సగాన్ని రెండుసార్లు వాయిస్తాను. మొదటిసారి కాగితం మీద ఉన్న లెక్క ప్రకారం, టిక్కు టిక్కుమని లెక్క చెప్పే మెట్రోనోమ్ పెట్టుకుని. రెండోసారి లెక్క వదిలేసి. రెండోసారి నేను ఎక్కడ ఎక్కువ ఆగానో, అది అక్కడ అవసరమో కాదో మీరు చెప్పాలి. ఒప్పుకోనివాళ్లు ముందు చెయ్యెత్తండి, వాళ్లతోనే ప్రశ్నలు మొదలుపెడదాం.